పంపు మాన్యువల్‌లోని స్నిగ్ధత విలువల్లో 32 రెట్ల తేడా ఎందుకు వస్తున్నది?

మిర్యాలగూడ, తవుడు నూనె యూనిట్:
అందరికీ నమస్కారం. మా యూనిట్‌లో ఒక పాత అమెరికన్ గేరు పంపు ఉన్నది. దాని మాన్యువల్‌లో ఒక పేజీలో డైనమిక్ స్నిగ్ధతను (పారేటప్పుడు ద్రవం చూపే నిరోధాన్ని) పౌండ్/(అడుగు·సెకను)లోనూ, మోటారు సామర్థ్యం ఎంచుకునే పట్టికలో పౌండ్·సెకను/చదరపు అడుగులోనూ ఇచ్చారు. మా ల్యాబ్‌లోని విస్కోమీటరు (స్నిగ్ధతను కొలిచే పరికరం) దానిని సెంటీపాయిజ్‌లు అనే ప్రమాణంలోనే చూపుతుంది. 50 సెంటీపాయిజ్‌ల నూనెకు మొదటి ప్రమాణంలో 0.0336, రెండవ దానిలో 0.00104 వస్తున్నది. రెండింటిలోనూ ఉన్నవి పౌండు, అడుగు, సెకనే కదా, మరి ఇంత తేడా ఎందుకు? పట్టికకు ఏ విలువ తీసుకోవాలి?

నల్లగొండ, భౌతికశాస్త్ర అధ్యాపకుడు:
మీ రెండు విలువలూ సరైనవే. మొదటి ప్రమాణంలోని పౌండు ద్రవ్యరాశి, రెండవ దానిలోనిది బలం. ఒక పౌండు ద్రవ్యరాశిపై ప్రామాణిక గురుత్వం చూపే బలాన్నే ఒక పౌండు బలం అంటారు కాబట్టి, వాటి మధ్య 32.174 అనే గుణకం (అడుగు, సెకన్లలో గురుత్వ త్వరణం విలువ) వచ్చి కూర్చుంటుంది. 1 పౌండ్/(అడుగు·సెకను) అంటే 1.488 పాస్కల్·సెకన్లు, అనగా 1,488 సెంటీపాయిజ్‌లు. 1 పౌండ్‌ బలం·సెకను/చదరపు అడుగు అంటే 47.88 పాస్కల్·సెకన్లు, అనగా 47,880 సెంటీపాయిజ్‌లు. ఈ రెండవదానిని మొదటిదానితో భాగిస్తే వచ్చేది ఆ 32.17 మాత్రమే.

పాత మాన్యువల్‌లు ఏ పౌండు అన్నది తరచుగా రాయవు, అయినా గుర్తుపట్టడం కష్టం కాదు. అడుగు, సెకను రెండూ హారంలో ఉంటే అది ద్రవ్యరాశి. సెకను లవంలోకి వచ్చి, హారంలో చదరపు అడుగు ఉంటే అది బలం, ఎందుకంటే అక్కడ ద్రవ్యరాశిని పెడితే వచ్చే రాశి స్నిగ్ధతే కాదు. కాబట్టి మీ పట్టికకు 0.00104 వాడండి. అనుమానం ఉంటే నీటితో సరిచూసుకోవచ్చు: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి స్నిగ్ధత దాదాపు 1 సెంటీపాయిజ్, బలం ప్రమాణంలో అది 0.0000209.

జడ్చర్ల, ప్రాసెస్ ఇంజనీరు:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా ఉందా, అల్లకల్లోలంగా ఉందా అని చెప్పే సంఖ్య) లెక్కకట్టేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సాంద్రతను పౌండ్/ఘనపు అడుగులో తీసుకొని, స్నిగ్ధతను బలం ప్రమాణంలో పెట్టినట్లయితే జవాబు 32 రెట్లు పెద్దదై, సాఫీగా సాగే ప్రవాహం కూడా కాగితం మీద అల్లకల్లోలంగా కనబడుతుంది. నా మట్టుకు నేను అన్నింటినీ ముందే పాస్కల్·సెకన్లలోకి మార్చుకుంటాను. అడుగులతోనే లెక్క నడపాలన్న పట్టుదలలో నాకు ప్రయోజనం కనబడదు. ఉష్ణమార్పిడి పుస్తకాలలో పౌండ్/(అడుగు·గంట) కూడా ఎదురవుతుంది, అక్కడ 1 సెంటీపాయిజ్ 2.419కి సమానం.

మిర్యాలగూడ, తవుడు నూనె యూనిట్:
ఇద్దరికీ ధన్యవాదాలు. గేరుపెట్టెలో పోసే లూబ్రికెంటు నూనె డబ్బాపై మాత్రం సెంటీస్టోక్‌లు ఉన్నాయి. వాటిని నేరుగా సెంటీపాయిజ్‌లుగా తీసుకోవచ్చునా?

నల్లగొండ, భౌతికశాస్త్ర అధ్యాపకుడు:
తీసుకోరాదు. సెంటీస్టోక్ కైనమాటిక్ స్నిగ్ధతకు, అంటే డైనమిక్ స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేదానికి, ప్రమాణం. దానిని గ్రాము/ఘనపు సెంటీమీటరులోని సాంద్రతతో గుణిస్తేనే సెంటీపాయిజ్‌లు వస్తాయి. నూనె సాంద్రత 0.91 అనుకుంటే 55 సెంటీస్టోక్‌లు సుమారు 50 సెంటీపాయిజ్‌లవుతాయి. నీటికి సాంద్రత దాదాపు 1 కావడం వల్ల రెండు అంకెలూ ఒకటిగా కనబడతాయి, ఈ పొరపాటు పుట్టేది అక్కడే. చదరపు అడుగు/సెకనులోకి మార్చాలంటే సెంటీస్టోక్‌లను 92,903తో భాగించండి. అందులో పౌండే లేదు కనుక 32 గొడవ ఉండదు. డబ్బాపై ఉన్న అంకె సాధారణంగా 40 డిగ్రీలకు ఇచ్చినది, సాంద్రతనూ అదే ఉష్ణోగ్రతకు తీసుకోండి. మీ పంపు అంతకంటె చల్లని నూనెతో మొదలయ్యేటట్లయితే స్నిగ్ధత చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మోటారును ఆ చల్లని నూనె విలువకే ఎంచుకోవాలి.