గవర్నమెంట్ పాలసీ మారితే మనమిచ్చిన సోలార్ మాట వదిలేయాల్నా?

తాడిపత్రిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. 2030కల్లా మేం వాడే కరెంటులో సగం సోలారే అని మా ఓనర్ విదేశీ బయ్యర్లకు రాసిచ్చినాడు. ఇప్పుడేమో ఆయనే, 'భూమి వేడెక్కకుండా దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందాన్ని అమెరికానే వద్దనింది, ఇక్కడ గవర్నమెంట్ మారితే పాలసీ మారతాది, మనకెందుకు' అంటాండాడు. ఏప్రిల్, మేలో షెడ్డు కింద పనోళ్లు నిలబడలేకుండా ఉండారు, నాకైతే ఈ మాట వదలాలని లేదు. ఎట్లా ఒప్పించాల?

జవాబు 1 (కర్నూలు)
మీ ఓనర్ భయం ఉత్తది కాదు. 2019 జులైలో సోలార్, విండ్ కంపెనీలతో చేసుకున్న కరెంటు కొనుగోలు ఒప్పందాల (పీపీఏ) రేట్లు తగ్గించాలని రాష్ట్రం కమిటీ వేసింది, ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని హైకోర్టు చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది, అన్నాళ్లూ కంపెనీలు బకాయిల కోసం తిరిగినాయి. కానీ అది గవర్నమెంటుకు అమ్మే కరెంటు కథ బ్రదర్. మీ షెడ్డు మీద పుట్టి మీ మోటర్లోనే ఖర్చయ్యే యూనిట్‌కు ఆ గొడవ ల్యా. పగటి లోడు ఎంతుందో చూసి అంతకే ప్యానెళ్లు పెట్టండి, మిగిలింది గ్రిడ్‌కు అమ్ముకుందాం అనే లెక్క మీద అప్పు తీసుకోవద్దు.

జవాబు 2 (కడప, సిమెంట్ ఫ్యాక్టరీ)
పొగ ఎక్కువొచ్చే సరుకుల దిగుమతి మీద యూరప్ వేసే కార్బన్ పన్ను వస్తాదని మాత్రం ఆయన్ని భయపెట్టొద్దు, ఆ లిస్టులో మా సిమెంటు ఉంది, మీ గ్రానైట్ లేదు, రేపు ఆ సంగతి తెలిస్తే మీరు చెప్పిన ఇంకేదీ నమ్మడు. కరెంటు బిల్లు చూపించండి. మధ్యాన్నం మిషన్లు ఆపినాక కంప్రెసర్ పైపుల దగ్గర చెవి పెట్టండి, బుస్సుమని గాలి పోతాంటే అదంతా డబ్బే, దాన్ని ఆపేదానికి ఏ జీఓ అక్కర్లేదు. నెలనెలా యూనిట్లు, జనరేటర్ డీజిల్ లీటర్లు ఓనర్ సంతకం పెట్టే రిజిస్టర్లోనే ఎక్కించండి, అప్పుడు మీరు ఉద్యోగం మారినా లెక్క నిలబడతాది.

జవాబు 3 (అనంతపురం)
అన్నా, కటింగ్ మిషన్లు రాత్రి కూడా తిప్పుతాంటే రూఫ్‌టాప్ ఒక్కదాంతో సగం రాదు. మిగతాది గ్రిడ్ లైన్ల మీదుగా బయటి సోలార్ కంపెనీ దగ్గర, అంటే ఓపెన్ యాక్సెస్‌లో కొనాల, 2022 కేంద్రం రూల్స్‌లో దానికి ఉండాల్సిన కనీస లోడు పరిమితిని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించినారు కాబట్టి మీలాంటోళ్లకు దారుంది. అక్కడ చార్జీలు మాత్రం మారతానే ఉంటాయి. పెరిగితే ఎవురు కట్టాలో అగ్రిమెంట్లో ముందే రాయించుకోండి.

అడిగినాయన
సరే అన్నా, ఈ వారం మీటర్ నుంచి గంటగంటకు లోడ్ ఎంతో తీయిస్తా. రాత్రి షిఫ్ట్ వాటా తెలిసినాక ఆ సగం పొసగకపోతే బయ్యర్లకు దాచకుండా రాస్తాం, అంకె మారినా పని ఆపం.