ఆర్.ఇ.ఎం. తొలి ఆల్బమ్ ‘మర్మర్’లో మాటలు ఎందుకు వినబడవు?

ప్రశ్న: కావలి శ్రోత

అందరికీ నమస్కారం. ఆల్టర్నేటివ్ రాక్‌ను (ప్రధాన స్రవంతికి పక్కగా ఎదిగిన రాక్ సంగీతాన్ని) మొదటి నుంచీ వరుసగా వినాలన్న కోరికతో, అమెరికాకు చెందిన ఆర్.ఇ.ఎం. బృందం 1983 ఏప్రిల్‌లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘మర్మర్’ పట్టుకున్నాను. పన్నెండు పాటల్లో ఒక్కటీ విసుగు పుట్టించలేదు గానీ, గాయకుడు మైకేల్ స్టైప్ ఏం పాడుతున్నాడో సగానికి సగం అంతుపట్టడం లేదు. పాటల సాహిత్యం పెట్టే సైట్లు చూస్తే, ఒకచోట ఉన్న పంక్తి మరొకచోట వేరేగా ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాడి ఇబ్బందా ఇది, లేక అందరిదీనా? గొంతును ఇలా వాద్యాల వెనక్కి నెట్టడం కావాలని చేసిందా, చవకగా రికార్డు చేయడం వల్ల వచ్చిన లోపమా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఒంగోలు గిటార్

మీ ఇంగ్లీషుకు వచ్చిన లోటేమీ లేదండీ. ఆ పాటల్లో మాటలు తెలియడం లేదని అమెరికాలో పుట్టి పెరిగినవారే ఆనాడు మొత్తుకున్నారు. ఇది చవకబారు పని కూడా కాదు. ఐ.ఆర్.ఎస్. రికార్డుల సంస్థ ముందుగా స్టీఫెన్ హేగ్ అనే నిర్మాత దగ్గరికి వీరిని పంపింది. ఆయన ‘కాటపల్ట్’ అనే ఒక్క పాటనే వారిచేత మళ్లీ మళ్లీ వాయింపజేసి, డ్రమ్స్ వాయించే బిల్ బెర్రీని విసిగించి, ఆ పైన బృందాన్ని అడగకుండానే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) చేర్చాడు. అది వారికి ససేమిరా నచ్చలేదు. తమతో అంతకుముందు పనిచేసిన నిర్మాత మిచ్ ఈస్టరే కావాలని పట్టుబట్టి, ఆయనతోనూ డాన్ డిక్సన్‌తోనూ నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో ఉన్న రిఫ్లెక్షన్ స్టూడియోలో ఈ ఆల్బమ్ పూర్తి చేశారు. సువార్త గీతాల రికార్డింగుకు పేరుపడ్డ స్టూడియో అది. అక్కడ స్టైప్ అందరి ఎదుటా నిలబడకుండా, పక్కనున్న మెట్ల దగ్గరికి వెళ్లి పాడాడు. గొంతును ముందుకు లాగడం ఆ నిర్మాతలకు చేతకాక కాదు, ఆ పని వారు చేయదలచుకోలేదు.

నేను మా చర్చిలో గిటార్ వాయిస్తాను కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. బృందంలోని గిటారిస్టు పీటర్ బక్ గిటార్‌ను గరగరలాడించడు, పాట మధ్యలో పెద్ద సోలోకూ దిగడు; కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పట్టుకుని తీగలను ఒక్కొక్కటిగా మీటుతూ పోతాడు. రాగాన్ని నడిపించే బరువు చాలాచోట్ల మైక్ మిల్స్ వాయించే బేస్ (మంద్ర స్వరాల గిటార్) మీద పడుతుంది. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు మాయమవుతుంది, కనుక మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి బేస్ వెంటే వెళ్లండి. ‘వి వాక్’ పాటలో ఉరుముల్లాంటి చప్పుడు వస్తుంది చూడండి, అది బెర్రీ బిలియర్డ్స్ ఆడుతుండగా బంతుల శబ్దాన్ని రికార్డు చేసి, వేగం తగ్గించి కలిపినది. అంత చిన్న చప్పుడు మీద అంత శ్రద్ధ పెట్టినవారు గొంతు విషయంలో అశ్రద్ధ చేశారంటే నమ్మలేం.

జవాబు: పెన్నా ఒడ్డు, నెల్లూరు

పై జవాబులో చాలావరకు నాకు సమ్మతమే కానీ, అంతా ముందే అనుకుని చేసినట్టు చెప్పడం కొంచెం ఎక్కువ. ‘రేడియో ఫ్రీ యూరప్’ 1981లో చిన్న సంస్థ ద్వారా సింగిల్‌గా (విడి పాటగా) వచ్చింది. అప్పటికి మాటలు పూర్తికాకపోవడం వల్లే అవి స్పష్టంగా వినబడకుండా పాడానని స్టైపే తరువాత ఒప్పుకున్నాడు. ఆ పాటను ఈ ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేశారు. అందులో లోతైన అర్థం వెతికితే శ్రమ దండగ. అలాగని అన్నీ అంతే అనలేం. ‘టాక్ అబౌట్ ద ప్యాషన్’ ఆకలి గురించిన పాట, చెల్లో వాద్యం కూడా వినబడే ఆ పాటలో మాటలు కాస్త శ్రద్ధ పెడితే అందుతాయి.

అట్ట మీది బొమ్మ కూడా ఒకసారి చూడండి. మన చెరువుకట్టలను సర్కారు తుమ్మ కమ్మేసినట్టు, అమెరికా దక్షిణాదిని కమ్మేసిన కుడ్జు అనే తీగ అది. నేలకోతను ఆపుతుందని ప్రభుత్వమే నాటించింది, ఆ తరువాత ఎవరి చేతికీ చిక్కలేదు. ఈ పాటలకు అంతకంటే తగిన అట్ట దొరకదు.

కావలి శ్రోత

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇయర్‌ఫోన్స్‌తో విన్న తరువాత ‘పిల్‌గ్రిమేజ్’లో బేస్, వెనుక పలికే రెండో గొంతు విడివిడిగా తెలిశాయి. మాటలు మాత్రం ఇంకా తెలియలేదు! ఇంతటి అస్పష్టమైన ఆల్బమ్‌ను ఆ రోజుల్లో జనం కొన్నారా?

జవాబు: ఒంగోలు గిటార్

ఓ మోస్తరుగా కొన్నారు. అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 36వ స్థానం దాకా వెళ్లింది. అయితే రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను కూడా పక్కనపెట్టి, 1983 సంవత్సరానికి ఉత్తమ ఆల్బమ్‌గా దీన్నే ఎంచారు.

మరుసటి ఆల్బమ్ ‘రెకనింగ్’ రికార్డింగు కూడా ఆ స్టూడియోలోనే జరిగింది. స్టైప్ గొంతు పైకి లేవకపోతుంటే, డిక్సన్ అక్కడ పడివున్న ఒక సువార్త గీతాల రికార్డు అతని చేతికిచ్చాడు. దాని అట్ట వెనుక అచ్చయిన పరిచయ వాక్యాలనే అతను తాను పాడాల్సిన పాట బాణీలో పాడేశాడు. ‘వాయిస్ ఆఫ్ హెరాల్డ్’ అన్న పేరుతో అది కూడా విడుదలైంది. మాట ఏదైనా ఆ గొంతు పాటను ఎలా నిలబెడుతుందో దాంట్లో తెలుస్తుంది.

జవాబు: పెన్నా ఒడ్డు, నెల్లూరు

మాటలే ముఖ్యమనుకుంటే 1986 నాటి ‘లైఫ్స్ రిచ్ పేజెంట్’కు వెళ్లండి. దాని నిర్మాత డాన్ గేమన్ మాటల స్పష్టత విషయంలో స్టైప్‌ను వదిలిపెట్టలేదు. కానీ ‘పర్ఫెక్ట్ సర్కిల్’ వినకుండా మాత్రం ‘మర్మర్’ను పక్కన పెట్టకండి. బెర్రీ కట్టిన బాణీ అది, పియానో మీద నడుస్తుంది, నా లెక్కలో ఆల్బమ్ మొత్తానికి అదే మేటి పాట.