ఛబీల్ డ్రమ్ములో పాలు మూడు గంటల్లోనే విరుగుతున్నాయి, ఏం చేయాలి?

సిక్కుల గురువు గురు అర్జన్ దేవ్ బలిదానాన్ని (1606) తలచుకుంటూ ఎండాకాలంలో రోడ్డు మీద పంచే ఛబీల్ (పాలు, రోజ్ సిరప్ కలిపిన చల్లటి తీపి నీళ్లు) గురించి. మా కొలత: 100 లీటర్ల నీళ్లు, కాచి చల్లార్చిన పాలు 10 లీటర్లు, పంచదార 8 కిలోలు, రోజ్ సిరప్ లీటరున్నర, ఐసు. స్టీలు డ్రమ్ము. ఉదయం పదికి కలిపితే ఒంటిగంటకల్లా అడుగున తెల్లటి పలుకులు, పుల్లటి వాసన.

డ్రమ్ము వేడినీళ్లతో కడిగాం. ఐసు పెంచితే పలచబడింది, వాసన మాత్రం పోలేదు. సిరప్‌లో సిట్రిక్ యాసిడ్ ఉందని చూసి వేరేది మార్చాం, పలుకులు తగ్గాయి, పులుపు తగ్గలేదు. దాహంతో ఆగినవాళ్లకి ఆ గ్లాసు ఇవ్వడానికి చేతులు రావట్లేదు.

పాలు మానకుండా, 42 డిగ్రీల ఎండలో ఐదు గంటలు నిలవాలంటే పాలు ఎప్పుడు, ఎంతెంత చొప్పున కలపాలి?