రిజిస్టరైన వీలునామా ఉంది, చెల్లెలు ఒప్పుకోవడం లేదు. ప్రొబేట్ (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరా?

తెనాలి_వాసి:
నాన్నగారు 2019లో వీలునామా రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించారు. నిరుడు కాలం చేశారు. అమ్మ అంతకుముందే పోయింది. మేం ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. నాన్న కట్టిన ఇల్లు నాకు, తాతగారి నుంచి వచ్చిన నాలుగెకరాల పొలం తమ్ముడికి, బ్యాంకు డిపాజిట్ చెల్లెలికి రాశారు. డిపాజిట్‌కు నామినీ మాత్రం నేనే. సాక్షుల్లో ఒకాయన పోయారు, రెండో ఆయనకు డెబ్బై దాటాయి. పొలంలో తనకూ వాటా ఉందని చెల్లెలు అంటోంది. రిజిస్టరైంది కాబట్టి ఎవరూ కాదనలేరని దస్తావేజు లేఖరి చెబుతున్నారు. నిజమేనా? ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే వీలునామా అందులో కనిపించలేదు. ప్రొబేట్ తెచ్చుకోవాలా?

సివిల్_సైడ్:
హిందువు రాసిన వీలునామాకు, ఆస్తి ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉంటే, ప్రొబేట్ తప్పనిసరి కాదు. కావాలంటే జిల్లా కోర్టులో అడగవచ్చు. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌ను, అంటే దాన్ని అమలు చేసే మనిషిని, నియమించి ఉంటే ఆయనకు ప్రొబేట్ ఇస్తారు, లేకపోతే వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికార పత్రం). అయితే ప్రొబేట్ కోర్టు చూసేది వీలునామా అసలుదా కాదా అన్నదే. రాసినాయనకు ఆ పొలం మీద పూర్తి హక్కు ఉందా లేదా అన్నది అక్కడ తేల్చరు. మీ చెల్లెలి అభ్యంతరం సరిగ్గా దాని గురించే కాబట్టి, ప్రొబేట్ వచ్చినా ఆ గొడవ అలాగే ఉంటుంది.

లేఖరి మాట మాత్రం నమ్మకండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. అయినదైనా కానిదైనా, కోర్టులో రుజువు చేసే పద్ధతి ఒకటే. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినాయన సంతకం పెట్టడం ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆయన చెప్పగా విని ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే సాక్షి సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలనేమీ లేదు. రుజువు విషయానికి వస్తే, పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 67. బతికున్న సాక్షుల్లో ఒక్కరినైనా బోనెక్కించాల్సిందే. ఇతర రిజిస్టర్డ్ దస్తావేజులకున్న మినహాయింపు వీలునామాకు లేదు.

చాలా కేసులు పోయేది తరవాతి మెట్టులో. వచ్చిన ఒక్క సాక్షి తన సంతకం గురించి మాత్రమే చెప్పి దిగిపోతే చాలదు. రెండో సాక్షి కూడా చట్టప్రకారమే సంతకం చేశాడని ఆయన నోటే రావాలని జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కాబట్టి బతికున్న సాక్షిని, ఆ పెద్దాయనను, ఇప్పుడే కలిసి, ఆయనకేం గుర్తుందో అడగండి. ఎవరు ముందు సంతకం చేశారు, పోయినాయన అక్కడే ఉన్నారా, కాగితం చదివి వినిపించారా. మీరు చెప్పించిన మాటలు మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవవు.

నోటరీ అఫిడవిట్ తీసి పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి, ఎదుటివాళ్లు ప్రశ్నించే వీలులేని అఫిడవిట్‌కు సాక్ష్యం విలువ లేదు. తగాదా తప్పదనిపిస్తే దావా ముందుగానే వేసి, వయసు, అనారోగ్యం చూపి అడ్వకేట్ కమిషనర్‌ ద్వారా ఇంటి దగ్గరే వాంగ్మూలం రికార్డు చేయించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 26 కింద అడగండి. ఆయన కూడా లేకపోతే, ఒక సాక్షి దస్తూరీనీ మీ నాన్నగారి సంతకాన్నీ వేరే ఆధారాలతో నిరూపించాల్సి వస్తుంది. అందుకని పోయిన సాక్షి సంతకాలున్న పాత రిజిస్టర్డ్ దస్తావేజులు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి.

పాసుపుస్తకం:
ఈసీ గురించి కంగారు పడకండి. వీలునామాలు 3వ బుక్‌లో నమోదవుతాయి, ఈసీ తీసేది 1వ బుక్ నుంచి. రాసినవారు బతికున్నంతకాలం నకలు వాళ్లకో వాళ్ల ఏజెంటుకో తప్ప ఇవ్వరు. ఇప్పుడు మరణ ధ్రువపత్రం పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఆ తర్వాత ఇంకో వీలునామా రాశారేమో కూడా కనుక్కోండి, చివరిదే చెల్లుతుంది.

పొలానికి అసలు ప్రశ్న: తాతగారికి అది ఎలా వచ్చింది, నాన్నగారికి ఏ కాగితం మీద వచ్చింది? "తాత ఆస్తి" అన్నంత మాత్రాన పిత్రార్జితం అయిపోదు. తాతగారు సొంతంగా కొని, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయి ఉంటే, 8వ సెక్షన్ కింద నాన్నగారికి వచ్చిన భాగం ఆయన సొంత ఆస్తే. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అప్పుడు నాలుగెకరాలూ తమ్ముడికి రాయవచ్చు, చెల్లెలికి వాటా లేదు.

అలాకాక అది ఉమ్మడి కుటుంబ ఆస్తి అయి, పాత భాగపరిష్కారంలో నాన్నగారి వాటాకు పడి ఉంటే లెక్క మారుతుంది. ఆ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, 2020లో వినీతా శర్మ తీర్పు ప్రకారం కూతురికీ పుట్టుకతోనే హక్కు. నాన్నగారు, మీరు ముగ్గురు, మొత్తం నాలుగు వాటాలు. ఆయన రాయగలిగింది తన ఎకరం మాత్రమే. తమ్ముడికి రెండు, మీకొకటి, చెల్లెలికొకటి. భాగపరిష్కార దస్తావేజు, పాత అడంగల్ (పొలం సాగు, అనుభవం రాసే రెవెన్యూ రికార్డు) తీయకుండా మాటల్లో వాదించుకుని లాభం లేదు.

మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోండి, కానీ పాసుపుస్తకంలో పేరు మారితే హక్కు వచ్చినట్టు కాదు. ఇంటి పన్ను పేరు మార్పూ అంతే. చెల్లెలు తహసీల్దారుకు అభ్యంతరం రాసిస్తే, హక్కుల తగాదా చివరికి సివిల్ కోర్టుకే చేరుతుంది.

ఖాతా_పుస్తకం:
డిపాజిట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే మనిషి, యజమాని కాదు. మీకు చెల్లించాక బ్యాంకు బాధ్యత తీరుతుంది. డబ్బు మాత్రం వీలునామా ప్రకారం చెల్లెలిది. రామ్ చందర్ తల్వార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. మీరే తీసి ఆమె ఖాతాకు బదిలీ చేసి, రసీదు రాయించుకోండి. ఆమె డబ్బు ఆమెకు ఇవ్వకుండా పొలం గురించి మాట్లాడబోతే ఏ రాజీ కుదరదు.

తెనాలి_వాసి:
భాగపరిష్కార దస్తావేజు తీయిస్తాను. మా బాబాయి కూడా వీలునామా రాద్దామంటున్నారు. మొదటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సివిల్_సైడ్:
తెల్లకాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు. సాక్షులు బాబాయిగారికన్నా చిన్నవాళ్లు, చిరునామా మారినా దొరికేవాళ్లు అయి ఉండాలి. ఆస్తి తీసుకునేవాళ్లను సాక్షిగా పెట్టకండి. హిందువుల విషయంలో అందువల్ల రాసింది రద్దు కాదు గానీ, అనుమానానికి తావిస్తుంది. క్రైస్తవులకైతే సాక్షికి, సాక్షి భార్యకో భర్తకో రాసింది 1925 వారసత్వ చట్టం 67వ సెక్షన్ కింద చెల్లదు.

లబ్ధి పొందేవాళ్లే దగ్గరుండి రాయించడం, ఒక బిడ్డకు ఏమీ రాయకుండా కారణం చెప్పకపోవడం, వణికిన సంతకం, ఇవే కోర్టు అడిగే అనుమానాలు. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ వాటిని తొలగించే భారం వీలునామా చూపించేవాళ్లదే. ఎవరికైనా తగ్గించి రాస్తే, ఎందుకో ఒక వాక్యం రాయించండి. అదే రోజు డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే మంచిది.

ఆస్తికి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాయండి. "ఇందులో చెప్పని మిగతా స్థిరచరాస్తులు ఫలానావారికి" అన్న ఒక్క వాక్యం వదిలేస్తే, తర్వాత కొన్న ఆస్తంతా వీలునామా లేనట్టే పంచుకోవాల్సి వస్తుంది. తీసుకోవాల్సినవారు ముందే పోతే ఎవరికి చెందాలో కూడా రాయండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కనే ఆయనా ఇద్దరు సాక్షులూ సంతకం చేయాలి, లేదా మళ్లీ టైపు చేయించాలి. ఆయన సంతకం తరవాతే సాక్షుల సంతకాలు. సాక్షులతో కాగితాల మీద ముందే సంతకం చేయించి తెచ్చిన వీలునామాలు కొన్ని చోట్ల కనిపిస్తాయి, ఆ సంగతి బయటపడితే మొత్తం పోతుంది.