పీరింగ్ అభ్యర్థనను పైప్‌లైనే ఆమోదించవచ్చా, మనిషి చూసి తీరాలా?

వలకాపరి:
వేర్వేరు ఖాతాల్లోని రెండు వీపీసీలను (క్లౌడ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్‌లను) ఏపీఐ ద్వారా కలపాలంటే, అంటే పీరింగ్ చేయాలంటే, అడిగేవైపు ఒక కాల్, ఒప్పుకునేవైపు ఇంకో కాల్ కావాలి. రెండోదాన్ని కూడా పైప్‌లైన్‌కే (స్క్రిప్టులను తనంతట తానే నడిపే వ్యవస్థకే) అప్పగించాలన్నది నా వాదన. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో 7 రోజుల్లోగా ఎవరూ ఒప్పుకోకపోతే అభ్యర్థన గడువు తీరిపోతుంది. మళ్లీ సృష్టిస్తే ఐడీ మారుతుంది, పాత ఐడీకి రాసిన రూట్లన్నీ (ట్రాఫిక్ ఎటు పోవాలో చెప్పేవి) తిరగరాయాలి. ఎవరి మెయిల్‌బాక్స్‌లోనో పడి ఉన్న ఆమోదం కోసం ఇంత పని పెంచుకోవడం దేనికి?

లాగ్‌రీడర్:
అలా అయితే అడిగేదీ ఇచ్చేదీ ఒకే చెయ్యి అవుతుంది. ఆ పైప్‌లైన్ రోల్ (దానికిచ్చిన అనుమతుల గుర్తింపు) ఎవరికైనా చిక్కితే, పరీక్షల కోసం పెట్టిన వీపీసీని తెచ్చి ప్రొడక్షన్‌కు తగిలించవచ్చు. రెండు ఖాతాల మధ్య ఈ రెండడుగుల పద్ధతి పెట్టిందే దీన్ని ఆపడానికి.

వలకాపరి:
దానికి ఐఏఎం (ఎవరు ఏం చేయవచ్చో నిర్ణయించే సేవ) షరతులున్నాయి కదండీ. ఆమోదించే రోల్‌ను అవతలి ఖాతాలోనే విడిగా పెట్టండి. దాని పాలసీలో రిక్వెస్టర్ వీపీసీ, యాక్సెప్టర్ వీపీసీ కండిషన్ కీలతో ఫలానా జతకు మాత్రమే అనుమతివ్వండి. జాబితాలో లేని వీపీసీ అడిగితే కాల్ అక్కడే తిరస్కరణకు గురవుతుంది. కన్సోల్‌లో ఐడీ చూసి బటన్ నొక్కే మనిషికన్నా ఇది గట్టి తనిఖీ.

మూడోహాప్:
ఎవరు ఆమోదించినా, ముందు స్క్రిప్టు సరిగా రాయాలి. సృష్టించే కాల్ విజయవంతమైందంటే పీరింగ్ కుదిరిందని కాదు. సీఐడీఆర్‌లు (వీపీసీల ఐపీ అడ్రసుల పరిధులు) ఒకదానిమీద ఒకటి పడితే కాల్ ఐడీ ఇచ్చేస్తుంది, స్థితి మాత్రం వెంటనే ఫెయిల్డ్‌కు వెళ్తుంది. మొదటి సీఐడీఆర్‌ను మాత్రమే పోల్చి చూస్తే చాలదు. రెండువైపులా తర్వాత జోడించిన ఏ ఒక్క ఐపీవీ4 బ్లాకు కలిసినా అంతే, ఆ బ్లాకును మీరు వాడబోకపోయినా సరే. ఇక వేరే రీజియన్ అయితే స్థితి పెండింగ్ యాక్సెప్టెన్స్‌కు వచ్చేదాకా పోల్ చేసి (పదేపదే అడిగి చూసి), ఆ తర్వాతే యాక్సెప్ట్ కాల్ పంపాలి. అదీ అవతలి రీజియన్ ఎండ్‌పాయింట్‌కు పంపాలి. స్క్రిప్టును 5 సెకన్లు ఆపే స్లీప్ లైను పెట్టి సరిపెట్టకండి.

యాక్టివ్ అయినా ట్రాఫిక్ పోకపోతే ముందు తిరుగు దారి చూడండి. ఒకవైపే రూటు రాస్తే కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్ అవతలికి చేరుతుంది, దానికి జవాబైన సిన్-యాక్ వెనక్కి రాదు. అప్పుడు మీకు కనిపించేది టైమ్‌అవుటే, కనెక్షన్ రిఫ్యూజ్డ్ కాదు. చాలాసార్లు రూటు మెయిన్ రూట్ టేబుల్‌లో ఉంటుంది, సబ్‌నెట్ (వీపీసీలోని ఒక భాగం) మాత్రం వేరే టేబుల్‌కు ముడిపడి ఉంటుంది.

లాగ్‌రీడర్:
అంటే ఏడబ్ల్యూఎస్‌లో అసలు కాపలా రూట్లు, సెక్యూరిటీ గ్రూపులే (ఏ ట్రాఫిక్‌ను రానివ్వాలో చెప్పే నియమాలే) అంటారు. అక్కడివరకు ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన ఏ తలుపూ తెరుచుకోదు కాబట్టి ఆమోదాన్ని ఆటోమేట్ చేస్తే పెద్ద ప్రమాదం లేదు. కానీ దీన్ని అన్ని క్లౌడ్‌లకూ వర్తించే నియమంగా చెప్పకండి.

నోడ్‌చూపు:
నిజం, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో కథ వేరు. రెండువైపులా పీరింగ్ సృష్టించగానే స్థితి ఇనీషియేటెడ్ నుంచి కనెక్టెడ్‌కు మారుతుంది, రూట్లు వాటంతటవే వస్తాయి. పైగా ఎన్ఎస్‌జీలో (నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూపులో) ముందే ఉండే అలౌ వీనెట్ ఇన్‌బౌండ్ నియమంలోని వర్చువల్ నెట్‌వర్క్ ట్యాగ్‌లోకి అవతలి వీనెట్ (అజ్యూర్‌లో వీపీసీ లాంటిది) అడ్రసులూ చేరిపోతాయి. మీరు విడిగా డినై రాయకపోతే అన్ని పోర్టులూ తెరిచినట్టే. ఇక్కడ రెండో కాల్‌ను మనిషి చూడకుండా వదలడం తప్పు.

గూగుల్ క్లౌడ్‌లో కూడా ఇరువైపులా పీరింగ్ పెట్టగానే సబ్‌నెట్ రూట్లు ఇటువి అటు, అటువి ఇటు చేరిపోతాయి, అయితే ఇన్‌కమింగ్‌ను ఫైర్‌వాల్ మామూలుగా ఆపుతుంది. అక్కడి చిక్కు వేరు: ఒక నెట్‌వర్క్‌పై ఒకేసారి ఒక పీరింగ్ పనే నడుస్తుంది. సమాంతరంగా పంపిన కాల్స్‌కు పని జరుగుతోంది, తర్వాత ప్రయత్నించండి అనే దోషం వస్తుంది. వాటిని వరుసలో పెట్టి, విరామం పెంచుకుంటూ మళ్లీ పంపాలి.

వలకాపరి:
అజ్యూర్ విషయంలో నా మాట సవరించుకుంటాను. అక్కడ అలౌ వర్చువల్ నెట్‌వర్క్ యాక్సెస్‌ను ఫాల్స్‌గా పెట్టి ఇరువైపులా పీరింగ్‌ను పైప్‌లైనే సృష్టించాలి. ఎన్ఎస్‌జీ నియమాలు చూసిన మనిషి తర్వాత దాన్ని ట్రూ చేయాలి. లాగ్‌రీడర్ గారూ, ఇది మీకు సమ్మతమేనా?

లాగ్‌రీడర్:
సమ్మతమే, ఆ ట్రూ చేసే హక్కు పైప్‌లైన్ రోల్‌కు లేనంతవరకు.