ఐస్‌క్రీం మీద పోసినా గట్టిపడని చాక్లెట్ సాస్: కొలతలు, తప్పులు

గోదారి_గట్టు:
డార్క్ చాక్లెట్ కరిగించి, కాసిని పాలు కలిపి పోస్తే ఐస్‌క్రీం తగలగానే మైనంలా బిగుసుకుపోతోంది. పాలు పెంచితే రుచి చప్పబడుతోంది. చిక్కగా, మెరుస్తూ, చల్లటి దాని మీద కూడా జారాలంటే కొలతలేంటండీ?

పాకం_పట్టు:
బిగుసుకునేది చాక్లెట్‌లోని కోకో బటరండీ. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరిగే కొవ్వు. సున్నా కంటే పది డిగ్రీలు కిందున్న ఐస్‌క్రీం మీద పడితే గడ్డకట్టక ఏమవుతుంది? అందుకే చిక్కదనం పాకం నుంచి, రుచి కోకో పౌడర్ నుంచి రావాలి. చాక్లెట్ నునుపు కోసం కొద్దిగా చాలు.

క్రీం 200 మి.లీ., పంచదార 80 గ్రా., లిక్విడ్ గ్లూకోజ్ 60 గ్రా., కోకో పౌడర్ 35 గ్రా., డార్క్ చాక్లెట్ 60 గ్రా., వెన్న 20 గ్రా., రెండు చిటికెల ఉప్పు.

కోకో జల్లించి పంచదారలో పొడిగానే కలపండి. పంచదార పలుకులు కోకోని విడదీస్తాయి కాబట్టి ఉండలు కట్టదు. ముందు నాలుగు చెంచాల క్రీం మాత్రమే పోసి ముద్దగా మెదపండి. పొడి మచ్చ ఒక్కటి కూడా కనపడకూడదు. తర్వాతే మిగతా క్రీం, గ్లూకోజ్. అడుగు మందం గిన్నెలో, సన్నని సెగ మీద, అడుగు గీరుతూ తిప్పుతూ ఉండండి. ఉడుకు పట్టాక 3 నిమిషాలు. కోకోలో ఉన్న గంజి ఉడికితేనే చిక్కబడుతుంది, పచ్చివాసన పోతుంది. దించి ఒక నిమిషం ఆగి చాక్లెట్ ముక్కలు, వెన్న, ఉప్పు వేసి కరిగేదాకా కలపండి.

తీపి_డబ్బా:
గ్లూకోజ్ మానేయకండి. బేకరీ సామాన్ల షాపులో దొరుకుతుంది. వేళ్లు తడి చేసుకుని తీస్తే అంటుకోదు. అది లేకపోతే మర్నాటికి పంచదార మళ్లీ పలుకు కట్టి, సాస్ నాలుక మీద ఇసకలా తగులుతుంది. దాని బదులు రెండు పెద్ద చెంచాల తేనె వేయొచ్చు, కానీ తేనె రుచి తెలుస్తుంది.

క్రీం టెట్రా ప్యాక్‌లో వచ్చే 25 శాతం కొవ్వుది సరిపోతుంది. పాల మీద తీసిన మీగడ వద్దు. ఎంత చిలికినా తరకలు ఉండిపోతాయి, మరిగితే నెయ్యి తేలుతుంది. కేకుల మీద వేసే విప్పింగ్ క్రీం చాలావరకు వనస్పతి కొవ్వుతో చేసి పంచదార కలిపినది. దాంతో చేస్తే వెగటు తీపి.

కోకో_తోట:
చాక్లెట్ కొనేటప్పుడు వెనక రాసింది చదవండి. కోకో బటర్ బదులు హైడ్రోజనేటెడ్ కొవ్వు అని ఉంటే అది కాంపౌండ్. కేకులకి పనికొస్తుంది గానీ సాస్‌లో వేస్తే చల్లబడ్డాక అంగిలికి జిడ్డుగా అంటుకుంటుంది. కోకో పౌడర్ అట్ట మీద 501 నంబరు కనపడితే అది క్షారంతో శుద్ధి చేసిన రకం. రంగు ముదురు, పులుపు తక్కువ. సాస్‌కి నా ఓటు దానికే. మామూలు పౌడరైతే పంచదార ఒక చెంచా పెంచుకోండి.

ఏలూరు చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండే కోకోతో చేసిన డార్క్ బార్లు ఇప్పుడు మన దగ్గరే దొరుకుతున్నాయి. వాటిలో కోకో 55–60 శాతం ఉన్న రకం తీసుకోండి. 70 దాటితే కోకో బటర్ పెరిగి మళ్లీ బిగుసుకుంటుంది.

గోదారి_గట్టు:
క్రీం లేకుండా కుదరదా? ఇంకోటి, సరిగ్గా ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుంది?

పాకం_పట్టు:
కుదురుతుంది. కోకో 50 గ్రా., పంచదార 150 గ్రా., నీళ్లు 180 మి.లీ., చిటికెడు ఉప్పు. ఉడుకు పట్టాక 4–5 నిమిషాలు, చల్లారాక వెనిల్లా. పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టండి. తీగపాకం దాకా పోనివ్వొద్దు, ఐస్‌క్రీం మీద టాఫీ అయిపోతుంది.

దించే గుర్తుకి, మొదలుపెట్టేముందే ఒక స్టీలు పళ్లెం ఫ్రీజర్లో పెట్టండి. దాని మీద చుక్క వేసి, పది లెక్కపెట్టి, పళ్లెం వంచండి. నెమ్మదిగా జారి వెనక ముదురు చార వదిలితే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లలా పరిగెడితే ఇంకో నిమిషం ఉడకాలి. కదలకుండా కూర్చుంటే ఒక చెంచా వేడి పాలు కలపండి. వేడి మీద పలచగానే ఉంటుంది, దాన్ని చూసి ఎక్కువసేపు ఉడికించేయడమే అందరూ చేసే తప్పు.

తీపి_డబ్బా:
పాడైతే బాగుచేసే దారులు కూడా రాసేస్తాను. చాక్లెట్ విడిగా కరిగిస్తుంటే ఆవిరి చుక్క పడి ముద్దకట్టిందా? పారేయొద్దు. తడి చాలకే అలా అవుతుంది, వేడి క్రీం చెంచా చెంచాగా పోస్తూ కలిపితే విడిపోతుంది. పైన నూనె తేలితే సెగ ఎక్కువైనట్టు. దించి, ఒక పెద్ద చెంచా వేడి పాలు పోసి కవ్వంతో గట్టిగా తిప్పితే మళ్లీ కలుస్తుంది. అడుగు మాడిన వాసనకి మాత్రం మందు లేదు, వేరే గిన్నెలోకి వంచినా పోదు.

క్రీం సాస్ ఫ్రిజ్‌లో వారం, నీళ్ల సాస్ రెండు వారాలు. తడి చెంచా పెట్టొద్దు. సీసాని వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టి, గోరువెచ్చగా ఉండగా పోయండి. పొగలు కక్కుతుండగా పోస్తే ఐస్‌క్రీం కరిగి గిన్నె అడుగున పాలు మిగులుతాయి.