ఇల్లలుకుతూ పేరు మర్చిపోవడం

“ఈగ ఇల్లలుకుతూ పేరు మర్చిపోయినట్టు” అంటే పరధ్యానమే కదా, ఇంకేముంది అందులో అని నిన్న ఒకరు అడిగారు. వాడుకలో అంతే, పనిలో పడి అసలుది మర్చిపోయినవాళ్లని అలా అంటాం. నాకు మాత్రం రచయిత్రి పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చదివాక ఆ మాట పాత అర్థంలో వినపడటం లేదు.

చిన్నప్పటి కథ గుర్తుందిగా. ఈగ ఆవునడుగుతుంది, ఆవుని కాసే పిల్లవాణ్ణి, వాడి చేతిలో కర్రని, అలా కనపడ్డవాళ్లనల్లా అడుగుతూ పోతుంది, ఎవరూ చెప్పరు. చివరికి గుర్రం కడుపులో పిల్ల ‘ఇహిహీ’ అని సకిలిస్తే అందులోంచి దొరుకుతుంది పేరు! సత్యవతి గారు ఆ ఈగ చోట ఒక ఇల్లాల్ని పెట్టారు. ఆవిడ పనిమనిషిని అడుగుతుంది, పక్కింటావిణ్ణి అడుగుతుంది, మొగుణ్ణి అడుగుతుంది. ఆఖరికి పుట్టింటికి బయల్దేరి వెళ్తుంది. చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచి, నువ్వు చదువులో ముందుండేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తుచేసేదాకా పేరు దొరకదు.

చాలామంది దీన్ని పేరు పోగొట్టుకున్న ఆడదాని దిగులు కథ అంటారు, నేను ఒప్పుకోను. నా పేరేంటి అని మొగుడి ముందు నిలబడి అడగడం ఎంత కష్టమో ఆలోచించండి, నవ్వుతారని తెలిసి కూడా ఆవిడ ఆగలేదు. ఏడవలేదు, అలగలేదు, వెతికింది. ఆ మొండితనం ఎవరో వచ్చి ఇచ్చింది కాదు, అలుకుతున్నన్నాళ్లూ లోపలే ఉంది, గుర్రం కడుపులో పిల్లలాగా.

అలగలేదు అన్నాను కాబట్టి ఒక భాషా విషయం. అలుకు, అలుగు వేరు వేరు క్రియలు. ఇల్లు అలికింది, మనిషి అలిగింది, క-గల తేడా. కానీ ‘అలకగానే’లో ఉన్న ‘అలక’, అలిగినప్పటి ‘అలక’ రాతలో ఒక్కలాగే ఉంటాయి. మన సాహిత్యంలో ఆడవాళ్ల అసంతృప్తికి సత్యభామ దగ్గర్నుంచీ అలక అనే ముద్దుపేరు పెట్టి బుజ్జగించేశారు. ఇక్కడ అలా కుదరదు. ‘ఇల్లలకగానే పండగ కాదు’ అనే సామెతలో సగమే తీసుకుని శీర్షిక పెట్టారు, మిగతా సగం ఆ ఇల్లాలే తెలుసుకుంటుంది. 1995లో తన కథల సంపుటికీ సత్యవతి గారు అదే పేరు పెట్టారు.

మా అమ్మమ్మ మట్టింటిని పేడనీళ్లతో అలకడం చూశాను. అలుకుగుడ్డతో అరచేతి కింద అర్ధచంద్రాలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. లోపలి మూలనుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ వస్తుంది, లేకపోతే తడి మీద తన కాళ్లే పడతాయి. అలా జరిగీ జరిగీ గడప దాటి బయటపడేది. నడుం పట్టుకుని లేచి, కాసేపు మాట్లాడకుండా వీధివైపు చూస్తూ నిలబడేది. ఆవిడ పేరు నాకు పదేళ్లు వచ్చాక రేషన్ కార్డులో చూస్తే తెలిసింది.

ఈగ కథ ఒక్కో ఊళ్లో ఒక్కోలా చెప్తారు. మీవైపు ఈగ ఎవరెవర్ని అడిగేదో, ఏ వరసలో అడిగేదో కింద రాయండి, ముఖ్యంగా కర్ర తర్వాత ఎవరు?